గట్టు ఏ రాయో అడిగి సిలికాన్ అమ్మండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక గృహాలంకరణ పుటలో, స్నానాలగదిలో వాష్ బేసిన్‌ను ఎవరికి వారే బిగించుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. బ్రాకెట్లు ఎంత ఎత్తున పెట్టాలి, యాంగిల్ కాక్ ఎటు తిరిగి ఉండాలి, బేసిన్ కింద వాడిన నీరు పోయే బాటిల్ ట్రాప్ ఎలా విప్పి కడగాలి అన్న సంగతులన్నీ శ్రద్ధగా రాశారు. అయితే చివరికి వచ్చేసరికి, అంచు చుట్టూ గొట్టంలోంచి పిండే సిలికాన్ గానీ తెల్ల సిమెంటు గానీ పట్టిస్తే సరిపోతుందని ఒక్క వాక్యంతో తేల్చేశారు. బేసిన్ బిగించిన ఇళ్ళలో ఆ తర్వాత వచ్చే చెమ్మ, బూజు, పనివాడితో తగాదా, చాలావరకు ఆ చివరి వాక్యంలో చెప్పిన పని దగ్గరే మొదలవుతాయి కనుక దాని గురించి కొంత వివరంగా రాయడం అవసరమనిపించింది.

నేను గుంటూరులో కళాశాల విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. తాపీపనీ ప్లంబింగూ నా వృత్తి కాదు. కానీ ఈ ఒక్క విషయంలో తాపీపని కంటే రసాయనశాస్త్రానికే పని ఎక్కువ. నేను చెప్పదలచినది ఇది: బేసిన్ అంచుకు పట్టించే పదార్థాన్ని బేసిన్‌ను చూసి కాక, అది కూర్చునే గట్టు రాయిని చూసి ఎంచుకోవాలి. మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఆ రాయి సున్నపురాయి. కొట్లలో చవకగా, అడిగీ అడగక ముందే చేతికిచ్చే సిలికాన్ ఏమో ఆమ్లాన్ని వదిలే రకం. ఈ రెండింటికీ పొసగదు.

ముందుగా తెల్ల సిమెంటు సంగతి చెప్పి పక్కన పెడతాను. పాతకాలపు మేస్త్రీలకు అది అలవాటైన సరుకు. గోడకు బిగించిన బేసిన్ వెనక అంచుకూ టైలుకూ మధ్య సందును తెల్ల సిమెంటు ముద్దతో పూడ్చి తడిగుడ్డతో తుడిచేస్తే ఆ రోజుకు చూడముచ్చటగానే ఉంటుంది. కానీ పింగాణీ పైపూత నీటిని పీల్చదు, సిమెంటుకు పట్టు దొరకనివ్వదు. సిమెంటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. పైగా పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడు మనం బేసిన్ మీద చెయ్యి ఆనించి వంగుతాం, పిల్లలు దాన్ని పట్టుకుని వేలాడతారు, గీజరు నీళ్ళు పడినప్పుడు పింగాణీ ఒక తీరుగా, గోడ మరో తీరుగా వ్యాకోచిస్తాయి. సాగే గుణం లేని సిమెంటు ఈ చిన్న చిన్న కదలికలకే వెంట్రుకంత నెర్రె ఇస్తుంది. ఆ నెర్రెలోకి దిగిన సబ్బునీరు బయటికి రాదు, లోపల ఆరదు. కొన్నాళ్ళకు తెల్లటి గీత నల్లబడుతుంది, కింద ప్లైవుడ్ అలమర ఉంటే దాని పలక ఉబ్బుతుంది. ఇక బేసిన్ మార్చవలసి వచ్చిన రోజున ఉలీ సుత్తీ పట్టుకోక తప్పదు, అంచు పెచ్చు లేవకుండా అది ఊడి రావడం అరుదు. ఒకే తలంలో ఉన్న రెండు టైళ్ళ మధ్య సందుకు సిమెంటు జాతి పూత చెల్లుతుంది గానీ, గోడా గట్టూ కలిసే మూలకూ, పింగాణీ రాయీ కలిసే అంచుకూ సాగే పదార్థమే ఉండాలి. ఈ సంగతి ఇప్పుడు మేస్త్రీల్లోనూ చాలామందికి తెలుసు. అందుకే సిలికాన్ వాడకం పెరిగింది, చిక్కు కూడా దానితోపాటే వచ్చింది.

సిలికాన్ అంటే ఒకే సరుకు కాదు. గొట్టంలో మెత్తగా ఉన్నంతసేపూ అన్ని రకాలూ ఒకేలా కనిపిస్తాయి. గన్నుతో బయటికి తీశాక గాలిలోని తేమను పుచ్చుకుని రబ్బరుగా గట్టిపడతాయి. ఆ క్రమంలో ఒక్కొక్క రకం ఒక్కొక్క పదార్థాన్ని బయటికి వదులుతుంది. మనవాళ్ళకు బాగా అలవాటైన రకం ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. సిలికాన్ కొట్టిన గదిలో ముక్కుకు ఘాటుగా తగిలే పులుపు వాసన దానిదే, వెనిగర్‌లో ఉండేదీ ఆ ఆమ్లమే. గొట్టం మీద దీన్ని అసిటాక్సీ అనో, అసిటిక్ క్యూర్ అనో రాస్తారు. త్వరగా గట్టిపడుతుంది, గాజుకూ పింగాణీకీ గట్టిగా అంటుకుంటుంది, ధర తక్కువ. రెండోది తటస్థ రకం, గొట్టం మీద న్యూట్రల్ క్యూర్ అని ఉంటుంది. అది ఆమ్లానికి బదులు ఆల్కహాలునో, ఆక్సైమ్ అనే పదార్థాన్నో వదులుతుంది. గట్టిపడటానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, ధర కూడా ఎక్కువే, పులుపు వాసన మాత్రం ఉండదు. వాసన లేదు కదా అని కిటికీ మూసుకుని పని చెయ్యకూడదు, ఏ రకమైనా గాలి ఆడే చోటనే వాడాలి.

ఇక రాయి. గుంటూరు, విజయవాడల్లో మధ్యతరగతి ఇళ్ళ వంటగట్లకూ, అలమర అరలకూ, బేసిన్ గట్లకూ ఏళ్ళ తరబడి కడప బండే వాడారు, గ్రానైట్ ఖర్చు భరించలేని చోట ఇప్పటికీ అదే వేస్తున్నారు. నేలకు మాచర్ల బండలో, బేతంచెర్ల బండలో పరిచారు. కాస్త కలిగినవాళ్ళు తెల్ల పాలరాయి వేయించుకున్నారు. పేర్లూ రంగులూ వేరైనా ఇవన్నీ సున్నపురాయి కుటుంబానివే, వీటిలో ముఖ్య ఖనిజం కాల్షియం కార్బొనేట్. మొన్నమొన్నటిదాకా మన జిల్లాలోనే ఉండి, 2022లో పల్నాడు జిల్లాలోకి వెళ్ళిన పిడుగురాళ్ళలో బట్టీల్లో కాల్చి సున్నం తీసేది ఈ జాతి రాయినే. అమరావతి స్తూపపు శిల్పాలు చెక్కింది కూడా పలనాటి సున్నపురాతిలోనే. రెండు వేల ఏళ్ళ నాటి శిల్పాలు నిలిచిన రాయికి గొట్టంలోంచి వచ్చే ఇంత పులుపు ఏం చేస్తుందిలే అనుకోవద్దు. ఆమ్లం పడితే పాత రాయైనా కొత్త రాయైనా కరిగేదే.

ఎసిటిక్ ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌ను తాకితే కార్బన్ డయాక్సైడ్ వాయువుగా పోయి, కాల్షియం ఎసిటేట్ అనే లవణమూ నీరూ మిగులుతాయి. ఆ లవణం నీళ్ళలో కరిగే గుణం కలది. సిలికాన్ వదిలే ఆమ్లం మొత్తంగా చూస్తే కొంచెమే, గట్టు మొత్తాన్ని అది పాడు చెయ్యదు. కానీ అది పనిచేసేది సరిగ్గా సిలికాన్‌కు పట్టు కావలసిన చోట, రాతికీ సిలికాన్‌కూ మధ్యనున్న అతి పలుచని పొరలో. అంటే సిలికాన్ చివరికి పట్టుకుని ఉండేది రాయిని కాదు, రాయి మీద ఏర్పడిన పొడిని. పైనుంచి చూస్తే మెరుస్తూ, నొక్కితే సాగుతూ ఏ లోపమూ లేనట్టే ఉంటుంది. తడి తగులుతున్నకొద్దీ కింద పొర వదులవుతుంది, నీరు దారి చేసుకుంటుంది. కొత్తగా చేసిన సిమెంటు ప్లాస్టరింగు మీద కొట్టినా ఇదే తంతు.

అరండల్‌పేటలో మా బంధువుల ఫ్లాట్‌లో దీన్ని కళ్ళారా చూశాను. నున్నగా సానపట్టిన నల్లటి కడప బండ, దాని మీద గిన్నె ఆకారపు తెల్లటి బేసిన్, అడుగున చుట్టూ రంగులేని సిలికాన్ గీత. వానాకాలంలో ఒక మూల కాస్త పైకి లేచినట్టు కనిపిస్తే మా మరదలు గోటితో పట్టి లాగింది. బండ వైపు అంచు ఎక్కడా తెగకుండా చుట్టూ లేచి వచ్చేసింది. పింగాణీ వైపు అంచు మాత్రం బ్లేడు పెట్టి కోస్తే తప్ప రాలేదు. ఒకే గొట్టం, ఒకే చెయ్యి, ఒకే రోజు చేసిన పని. ఒక పక్క ఉడుంపట్టు, మరో పక్క అసలు పట్టే లేదు. లేచిన అంచు అడుగున పిండి చల్లినట్టు సన్నటి తెల్లపొడి ఉంది, బండ మీద సిలికాన్ ఆనిన మేర మెరుపు పోయి బూడిదరంగు వలయం ఏర్పడింది. ప్లంబర్‌ను పిలిపిస్తే రాయి మంచిది కాదండీ, చెమ్మ లాగే రాయి అన్నాడు. కొట్టులో అడిగితే మా సరుకులో వంక లేదండీ, పనివాడు తడి ఆరకుండా కొట్టుంటాడు అన్నారు. ఇద్దరూ తమకు తెలిసిన మాటే చెప్పారు. ఆ గొట్టమే తెప్పించి తిప్పి చూస్తే, పాలరాయి, సున్నపురాయి, సిమెంటు, రాగి, ఇత్తడి, జింకు పూత ఇనుము మీద వాడరాదని వెనకవైపు సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఉంది.

మీ గట్టు ఏ రాయో తెలియకపోతే పెద్ద పరీక్షలు అక్కర్లేదు. బండ అడుగున, కంటికి కనబడని చోట, ఇనుప మేకుతో గట్టిగా గీకండి. గీత పడి పొడి రాలితే సున్నపురాయి జాతి కావచ్చు. మేకే అరిగి బండ మీద లోహపు చార మిగిలితే గ్రానైట్ కావచ్చు. ఇంకా అనుమానం ఉంటే, రాలిన పొడి మీద మరుగుదొడ్డి కడిగే యాసిడ్ ఒక్క చుక్క వెయ్యండి. చేతికి తొడుగు వేసుకోవాలి, దగ్గరలో బ్లీచింగ్ పౌడరు ఉండకూడదు. బుస్సున నురగ వస్తే ఇక చెప్పేదేముంది, ఆ గట్టు మీదికి ఆమ్లరకం సిలికాన్‌ను రానివ్వవద్దు. నిమ్మరసంతోనూ ఈ పరీక్ష చేయవచ్చు గానీ నురగ చాలా సన్నగా వస్తుంది, వంగి చూస్తే తప్ప తెలియదు. గట్టు పైభాగాన మాత్రం ఈ ప్రయోగం వద్దు, సానపట్టిన బండకు ఆ మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

గ్రానైట్ అయితే, ఉదాహరణకు మన చీమకుర్తి నల్ల గెలాక్సీ అయితే, రాతికి ఆమ్లం బెడద లేదు. అయినా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. గట్టు కిందనుంచి బిగించే బేసిన్లను పట్టి ఉంచే ఇనుప క్లిప్పులూ, జింకు పూత బ్రాకెట్లూ, ఇత్తడి కుళాయి అడుగుభాగమూ ఆ సిలికాన్ పక్కనే ఉంటాయి, ఆమ్లపు ఆవిరి వాటిని తినేస్తుంది. లేత రంగు గ్రానైట్‌కు మరో తలనొప్పి ఉంది. కొన్ని సిలికాన్లలో మెత్తదనం కోసం కలిపే నూనె జాతి పదార్థం రాతి రంధ్రాల్లోకి ఇంకి, అంచు పొడవునా జిడ్డు చార వదులుతుంది, అది ఎంత తోమినా పోదు. తటస్థ రకమైనంత మాత్రాన ఈ చార పడదన్న భరోసా లేదు. సహజ రాయికి తగినదనీ, మరక పడదనీ గొట్టం మీద విడిగా రాసి ఉండాలి. అనుమానమైతే మిగిలిన ముక్క మీద కొంచెం పెట్టి కొన్ని రోజులు చూడటం ఉత్తమం. బేసిన్ పైన అద్దాన్ని గోడకు అంటించడానికి కూడా మేస్త్రీలు అదే గొట్టం వాడేస్తారు. ఆమ్లరకం అద్దం వెనక కళాయిని తినేస్తుంది, కొన్నాళ్ళకు అంచుల దగ్గర నల్లటి మచ్చలు తేలతాయి. అద్దానికి ఎప్పుడైనా తటస్థ రకమే వాడాలి.

శానిటరీ అని ముద్ర ఉన్న గొట్టం కొంటే ఇక ఏ చింతా లేదనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. చదువుకున్న ఇంజినీర్లే నాతో అలా వాదించారు. ఆ ముద్రను బట్టి తెలిసేది ముఖ్యంగా బూజును అడ్డుకునే మందు కలిపారని. గట్టిపడేటప్పుడు ఆమ్లం వదులుతుందా లేదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. శానిటరీ సిలికాన్లలో ఆమ్లరకమూ ఉంది, తటస్థ రకమూ ఉంది. కనుక సున్నపురాతి గట్టుకు గొట్టం మీద రెండు మాటలూ కనిపించాలి, శానిటరీ అనీ, న్యూట్రల్ అనీ. విదేశీ కంపెనీల గొట్టాల మీద కొన్నిటికి ఈఎన్ 15651-3 అన్న యూరప్ ప్రమాణం సంఖ్య ఉంటుంది. స్నానాలగదుల సందులకు ఉద్దేశించిన ప్రమాణమది. అందులో ఎక్స్‌ఎస్ అన్న తరగతి బూజును బాగా తట్టుకునే సరుకుకు ఇస్తారు. ఐఎస్ఓ 11600 అని ఉండి పక్కన 25 అన్న అంకె ఉంటే, సందు వెడల్పు అటూ ఇటూ 25 శాతం మారినా తట్టుకోగలదని అర్థం. బేసిన్ అంచుకు అంతకు మించిన సాగుడు అవసరం రాదు.

బూజు మందు గురించీ ఒక మాట. అది కాలక్రమంలో నీళ్ళలో కొంచెం కొంచెంగా కొట్టుకుపోతుంది. బూజు పెరిగేది చాలావరకు సిలికాన్ మీద పేరుకున్న సబ్బు జిడ్డును ఆధారం చేసుకునే. కిటికీ లేని అపార్ట్‌మెంటు స్నానాలగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యకుండా ఎంత ఖరీదైన సిలికాన్ పెట్టినా నల్లచుక్కలు రాక మానవు. ఈ మందు కలిపిన గొట్టం మిగిలింది కదా అని చేపల తొట్టె అతుకులకు వాడకండి, చేపలు చస్తాయి.

ఇప్పుడు మన ఊళ్ళలో పని జరిగే తీరు చూడండి. ఒక మాదిరి బేసిన్ అంచు చుట్టుకొలత 2 మీటర్లు అనుకుందాం. మూలలో రెండు వైపులా 6 మిల్లీమీటర్ల చొప్పున ఆనేలా సిలికాన్ గీత పెడితే మొత్తం పట్టేది 36 మిల్లీలీటర్లు. గొట్టంలో ఉండేది సాధారణంగా 280 నుంచి 300 మిల్లీలీటర్లు. చేతిలో వృథా పోయింది తీసేసినా ఎక్కువ భాగం మిగిలే ఉంటుంది. ఆ మిగిలింది మేస్త్రీ సంచిలో తర్వాతి ఇంటికి వెళుతుంది. అక్కడి గట్టు కడప బండో, గ్రానైట్టో, పాలరాయో ఎవరూ అడగరు, సంచిలో ఉన్నది సంచిలోంచి వస్తుంది. ఇంటివాళ్ళకు కొత్త గొట్టం కొనడం తప్పుతుంది కనుక వాళ్ళూ నోరు మెదపరు. నేను మేస్త్రీలను తప్పుపట్టడం లేదు, ముప్పాతిక గొట్టం పారెయ్యమంటే ఎవరికైనా మనసొప్పదు. ఒకే అపార్ట్‌మెంటులో ఒకే రకం గట్లున్న మూడు నాలుగు ఇళ్ళవాళ్ళు పని ఒకే రోజున పెట్టుకుంటే, తగిన గొట్టం ఒకటి కొని అందరూ పంచుకోవచ్చు. వేల రూపాయలు పోసి బేసిన్ కొన్నవాళ్ళు గొట్టం దగ్గర లెక్క చూసుకోవడం మాత్రం నాకు వింతగానే ఉంటుంది.

మన ఎండలు కూడా లెక్కలోకి వస్తాయి. గొట్టం మీద తయారైన నెల, ఎంతకాలం పనికివస్తుందో ఉంటాయి, చాలా రకాలకు ఆ గడువు ఏడాది. అది కూడా చల్లటి చోట ఉంచితే. విజయవాడ వన్‌టౌన్‌లోనో, గుంటూరు పట్నంబజారులోనో రేకుల కప్పు కింద వేసవంతా మగ్గిన గొట్టానికి ఆ లెక్క సరిగ్గా వర్తిస్తుందని చెప్పలేం. పని మొదలుపెట్టే ముందు కాస్త అట్టముక్క మీదికి పిండి చూడండి. గంటలోపు పైన పొర కట్టాలి. మర్నాటికీ వేలికి జిగటగా అంటుకుంటుంటే ఆ గొట్టం బేసిన్ దగ్గరికి పోవడానికి పనికిరాదు. మే నెల మధ్యాహ్నాల్లో పైపొర చాలా తొందరగా కట్టేస్తుంది, వేలితో నున్నగా దిద్దే వ్యవధి ఉండదు, ఆ నెలల్లో పని పొద్దున్నే పెట్టుకోవడం మంచిది.

తేమ విషయం మరీ ముఖ్యం. గట్టిపడటానికి గాలిలో తేమ కావాలి గానీ అంటుకునే తలం మీద తడి ఉండకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, నేల అంతస్తు ఇళ్ళలో బేసిన్ కింది ప్లైవుడ్ అలమరలు ఉబ్బి పాడయ్యాయి. నీళ్ళు తగ్గగానే అలమర మార్చి, బేసిన్ దించి మళ్ళీ ఎక్కించి, సిలికాన్ కొట్టేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ పీల్చుకునే గుణమున్న గోడా బండా పైకి పొడిగా కనిపించినా లోపల చాలాకాలం చెమ్మగానే ఉంటాయి, అలాంటి తలం మీద ఏ సిలికానూ నిలవదు. అంత వరద రాకపోయినా, పాత బేసిన్ ఊడదీసి గట్టు కడిగిన రోజునే కొత్తది బిగించడం మన దగ్గర మామూలే. ఒక రాత్రి ఫ్యాన్ గాలికి ఆరనివ్వాలి, మర్నాడు స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవాలి. కిరోసిన్ వద్దు, అది వదిలే జిడ్డు సిలికాన్‌ను అంటనివ్వదు.

పాత సిలికాన్ మీద కొత్తది కొట్టడం ఇంకో పొరపాటు. గట్టిపడిన పాత సిలికాన్‌కు ఏదీ సరిగ్గా అంటుకోదు, కొత్త సిలికాన్‌కు కూడా అక్కడ నమ్మదగిన పట్టు దొరకదు. పాతది బ్లేడుతో పూర్తిగా గీసెయ్యాలి. తర్వాత సందుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, నాజిల్‌ను ఏటవాలుగా కోసి, చెయ్యి ఆపకుండా ఒకే గీతగా పెట్టి, ఒకసారి వేలితో దిద్ది, పొర కట్టకముందే టేపు లాగెయ్యాలి. నున్నగా రావడానికి పనివాళ్ళు సబ్బునీళ్ళు ధారాళంగా చల్లుతారు. ఆ నీరు సిలికాన్ అంచు కిందికి పోతే అక్కడ పట్టు ఉండదు, వేలి కొన తడిస్తే చాలు. సిలికాన్ రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతున మాత్రమే గట్టిపడుతుంది. అందుకని కనీసం ఒక రోజంతా కుళాయి తిప్పకూడదు, గీత లావుగా ఉంటే రెండు మూడు రోజులు ఆగాలి. బంధువులు వస్తున్నారని తొందరపెట్టే ఇంటివాళ్ళ వల్లే చాలా చోట్ల ఈ పని చెడుతుంది.

మిగతా పదార్థాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎం-సీల్ రాయిగా గట్టిపడుతుంది, సాగదు, అంచుకు పనికిరాదు. నీళ్ళతో చేసిన యాక్రిలిక్ సీలెంటు మీద రంగు వెయ్యవచ్చు గానీ నీరు నిలిచే చోట అది మెత్తబడుతుంది. ఎంఎస్ పాలిమర్ అనే కొత్త రకం ఆమ్లాన్ని వదలదు, రాతికి బాగా పడుతుంది, రంగు కూడా నిలుస్తుంది, కానీ ధర ఎక్కువ, అన్ని కొట్లలో దొరకదు. బాటిల్ ట్రాప్ బిగింపుల్లో రబ్బరు వాషర్లు ఉంటాయి, అక్కడ సిలికాన్ పులమకూడదు; కుళాయి మరలకు టెఫ్లాన్ టేపు చాలు. బేసిన్‌కు పైన పొంగు రంధ్రం ఉంటే, అడుగున నీరు పోయే వేస్ట్ కప్లింగ్ పక్కనున్న చీలికలు సిలికాన్‌తో మూసుకుపోకుండా చూడాలి. అవి మూసుకుపోతే పొంగిన నీటికి దారి ఉండదు. గోడకు బిగించే బేసిన్ బరువు మొయ్యవలసింది బ్రాకెట్లూ బోల్టులే గాని సిలికాన్ కాదన్న సంగతి మీ వ్యాసంలోనూ ఉంది, సంతోషం.

చివరగా అధికారులకూ వ్యాపారులకూ నా విన్నపం. ప్యాకేజీ సరుకులకు వర్తించే 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం గొట్టం మీద తయారీదారు వివరాలు, పరిమాణం, తయారైన నెల, గరిష్ఠ ధర ముద్రించాలి. అవి హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు, వాటితోపాటు మరో భాష వాడుకోవడానికీ అభ్యంతరం లేదు. మరి ఆంధ్రప్రదేశ్‌లో ఇన్ని గొట్టాలు అమ్ముకుంటున్న కంపెనీలు, పాలరాయికీ కడప బండకూ వాడరాదు అన్న ఒక్క పంక్తి తెలుగులో అచ్చు వెయ్యడానికి ఏం అడ్డం? అంతవరకు హార్డ్‌వేర్ కొట్లవాళ్ళు అడగవలసింది ఒక్క ప్రశ్న. ఎన్ని గొట్టాలు కావాలని కాకుండా, గట్టు ఏ రాయండీ అని. ఐటీఐలలో ప్లంబర్ కోర్సు చదివే కుర్రాళ్ళకు కూడా కుళాయి మరలతోపాటు ఈ రెండు రకాల తేడా ఒక పూట చూపించాలి. ఒక కడప బండ ముక్క, రెండు గొట్టాలు, ఒక వారం ఓపిక ఉంటే చాలు, ఉపన్యాసం అవసరం ఉండదు.

ఇప్పటికే కడప బండ మీద ఆమ్లరకం కొట్టించుకున్నవాళ్ళు బేసిన్ దించనక్కర్లేదు, కంగారూ పడనక్కర్లేదు. అంచు లేచిందేమో గోటితో తట్టి చూడండి. గట్టిగా ఉంటే అలాగే వదిలెయ్యండి, ఆమ్లం వదలడం గట్టిపడిన రోజుల్లోనే అయిపోయి ఉంటుంది. లేచి ఉంటే సిలికాన్‌ను రెండు వైపులా బ్లేడుతో కోసి తీసి, బండ మీది తెల్లపొడిని గట్టి బ్రష్షుతో, తర్వాత సన్న గరుకు కాగితంతో, కింద గట్టి రాయి తగిలేదాకా రుద్దండి. పొడి మీదే కొత్తది కొడితే ఎంత మంచి రకమైనా అదీ ఊడుతుంది. తడిగుడ్డతో తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చి, శానిటరీ న్యూట్రల్ రకం పట్టించండి. మెరుపు పోయిన వలయం దానంతటది పోదు. కొత్త గీతను కొంచెం వెడల్పుగా పెడితే చాలావరకు దాని కిందికి పోతుంది. మిగిలింది కనిపించకుండా పోవాలంటే రాళ్ళకు సానపట్టేవాళ్ళను పిలిపించుకోవాలి.

భవదీయుడు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.